చక్రముల మీది ఇల్లు: విడిది, విద్యుత్తు

ఇల్లు ఒకచోట నిలిచియుండునది. బండి ఊరూర తిరుగునది. ఈ రెంటి ధర్మములను ఒక్కచోట కూర్చిన వాహనమును అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆర్.వి. అందురు. రిక్రియేషనల్ వెహికిల్ అను మాటలకు అవి పొడి అక్షరములు. పడక, వంటయిల్లు, స్నానపు గది, మరుగుదొడ్డి, నీటితొట్టి అన్నియు ఆ ఒక్క బండిలోనే యుండును. 1910లో పియర్స్-యారో కంపెనీవారు న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ప్రదర్శించిన ‘టూరింగ్ లాండో’ అను మోటారు బండి ఈ జాతికి మొదటివానిలో ఒకటి. 1919లో ఫ్లారిడా రాష్ట్రపు టాంపా నగరమున ‘టిన్ కాన్ టూరిస్టులు’ అను పేర ఇట్టి యాత్రికుల సంఘమొకటి వెలసెను. నేడు ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములు కూడ, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, వేసవిలో ఈ బండ్లను అద్దెకు తీసుకొని జాతీయ వనములను చూడబోవుచున్నారు.

ఇట్టి ప్రయాణమునకు మొదట విచారింపవలసినవి రెండు. రాత్రికి ఎచ్చట దిగవలెను? దిగినచోట కరెంటు ఎట్లు పుచ్చుకొనవలెను? మొదటిది సుఖమునకు సంబంధించినది. రెండవది ప్రాణమునకు సంబంధించినది.

బండి కొలత

విడిది కుదుర్చుకొనుటకు ముందు బండి పొడవు తెలిసియుండవలెను. బస్సువలె నుండు పెద్ద బండిని ‘ఎ’ తరగతి యనియు, వ్యానువలె నుండు చిన్నదానిని ‘బి’ తరగతి యనియు, డ్రైవరు తలపై కూడ పడక యుండు నడిమి బండిని ‘సి’ తరగతి యనియు వ్యవహరింతురు. వీనికి తోడు, వేరొక మోటారు వెనుక లాగుకొని పోవు ట్రెయిలర్లు కలవు. జాతీయ వనములలోని విడిదులు పెక్కు, నేటి పెద్ద బండ్లు పుట్టకముందు ఏర్పడినవి. అచ్చటి జాగాలు పొట్టివి, మలుపులు ఇరుకు. దారుల సంగతియు నంతే. మాంటానాలోని గ్లేషియర్ వనమునందు ‘గోయింగ్ టు ది సన్’ అను కొండదారి నడిమి భాగమున 21 అడుగులకు మించిన పొడవుగల బండిని పోనీయరు. బండి నెక్కుటకు ముందే ఎత్తు, పొడవు, వెడల్పు ఒక కాగితముపై వ్రాసి స్టీరింగు దగ్గర అంటించుకొనుట మంచి అలవాటు.

నాలుగు తెగల విడిదులు

క్యాంప్‌గ్రౌండు అనబడు విడిదిస్థలములు ముఖ్యముగా నాలుగు తెగలు. జాతీయ వనములలోనివి మొదటి తెగ. అందము వీనిది, సదుపాయములు మాత్రము స్వల్పము. కాలిఫోర్నియాలోని యొసెమిటీ వనపు విడిదులలో బండికి కరెంటు తగిలించు ఏర్పాటు ఎచ్చటను లేదు. యెల్లోస్టోన్ వనమున విడిదులు పెక్కు ఉన్నను, నీరు, కరెంటు, మురుగు మూడింటి హుకప్పులు గలది ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటియే. ఎలుగుబంట్లు తిరుగు తావగుటచే అచ్చట గుడ్డగోడల బండ్లను, గుడారములను అనుమతింపరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు టంచున ట్రెయిలర్ విలేజి అను విడిదిలో ఈ హుకప్పులు కలవు; దాని ప్రక్కనే యున్న మేథర్ విడిదిలో లేవు. ఫెడరల్ విడిదులు పెక్కింటిని రిక్రియేషన్ డాట్ గవ్ అను ప్రభుత్వ కేంద్రము ద్వారా ఆరు నెలల ముందుగనే కుదుర్చుకొనవచ్చును. ఫిషింగ్ బ్రిడ్జి, ట్రెయిలర్ విలేజిలను మాత్రము కాంట్రాక్టు సంస్థలు నడపుచున్నవి. కాబట్టి వానికి వేరుగా ఆ సంస్థలకే వ్రాసుకొనవలెను.

రెండవ తెగ రాష్ట్ర ప్రభుత్వముల వనములు. వీనిలో పెక్కింట జాగా దగ్గరనే నీరు, కరెంటు లభించును. మురుగు వదలుటకు ద్వారమువద్ద ఉమ్మడి డంప్ స్టేషను ఉండును. పిల్లలతో, పెద్దలతో పోవువారికి ఈ తెగ సౌకర్యమునకు, ఖర్చునకు నడిమి మార్గము. మూడవ తెగ ప్రైవేటు విడిదులు. 1962లో మాంటానా రాష్ట్రపు బిల్లింగ్స్ పట్టణమున మొదలైన కె.ఓ.ఎ. సంస్థ వీనిలో ప్రసిద్ధము. వీనిలో సాధారణముగా మూడు హుకప్పులును, బట్టలుతుకు యంత్రములును, వేడినీటి స్నానపు గదులును ఉండును. బండ్లు మాత్రము దగ్గర దగ్గరగా నిలుచును. నాలుగవ తెగ, పశ్చిమ రాష్ట్రములలో భూనిర్వహణ శాఖవారి బహిరంగ భూములు. సాధారణముగా 28 దినములలో 14 దినములవరకు ఊరక దిగియుండవచ్చును. అచ్చట కుళాయి లేదు, దీపము లేదు, పిలిచిన పలుకువారు లేరు. బ్యాటరీ, నీటితొట్టి, గ్యాసు ఎంతవరకు వచ్చునో లెక్క తెలిసినవారికే అది తగిన తావు.

అరువది రెండేండ్లు నిండిన పౌరులకును, శాశ్వత నివాసులకును ‘సీనియర్ పాస్’ కలదు. దానిచే ఫెడరల్ విడిదులు పెక్కింట రుసుము సగమగును. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు, వయస్సు చాలినను, ఆ పాసు ఈయరు. దానిని నమ్ముకొని ఖర్చు లెక్క వేయరాదు.

జాగాను ఎన్నుకొనునపుడు నేల సమముగా నున్నదా, మధ్యాహ్నపు నీడ పడునా, బండిని వెనుకకు నడపకుండ సూటిగా చొచ్చి పోగలమా అని అడుగుట మేలు. బండి ప్లగ్గు సాధారణముగా డ్రైవరు వైపున, వెనుకభాగమున ఉండును. విద్యుత్ స్తంభము ఆ వైపునకు రాకున్నచో తీగ చాలదు.

ఆంపియర్ల లెక్క

విద్యుత్తును నీటితో పోల్చుట సులభము. వోల్టు నీటి ఒత్తిడి వంటిది. ఆంపియరు పారు నీటి పరిమాణము వంటిది. రెంటిని గుణించిన వచ్చునది వాటులు. అదియే పని చేయు శక్తి. భారతదేశమున ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. ఒత్తిడి సగమగుటచే, అంతే పనికి ఇంచుమించు రెట్టింపు ఆంపియర్లు కావలసివచ్చును. మన ఊరినుండి తెచ్చిన మిక్సీ ఆ కరెంటుపై సరిగా తిరుగదు; దానిని బండిలో మోయుట వృథా.

విడిదిలోని స్తంభమున మూడు విధములైన సాకెట్లు ఉండవచ్చును. మొదటిది ఇండ్లలోని మామూలు సాకెట్టు. 15 ఆంపియర్లదైనచో 1,800 వాటులు, 20 దైనచో 2,400 వాటులు ఇచ్చును. రెండవది మూడు కాళ్ళ ప్లగ్గు పట్టు 30 ఆంపియర్లది. ఇది 3,600 వాటులు ఇచ్చును. మూడవది నాలుగు కాళ్ళది, 50 ఆంపియర్లది. దీనిలో 120 వోల్టుల తీగలు రెండు వేరువేరుగా నుండి, ఒక్కొక్కటి 50 ఆంపియర్లు ఇచ్చును. కాబట్టి మొత్తము 12,000 వాటులు. 30కి 50కి తేడా ఇరువదియే యనుకొనువారు పొరబడుదురు. రెండవది మొదటిదానికి మూడు రెట్లకు పైబడినది. 50 ఆంపియర్ల బండిని అడాప్టరు తగిలించి 30 సాకెట్టుకు కలుపవచ్చును గాని, అపుడు బండి మొత్తమునకు లభించునది 30 ఆంపియర్లే. అడాప్టరు ప్లగ్గు రూపమును మార్చును, శక్తిని పుట్టింపదు.

ఇక వంటపూట లెక్క చూతము. చల్లబరచు యంత్రము సుమారు 13 ఆంపియర్లు పుచ్చుకొనును. మైక్రోవేవు మరి 13. అన్నము వండు కుక్కరు 6. మొత్తము 32. బ్యాటరీని నింపు కన్వర్టరు మన కంటబడకయే మరి మూడు నాలుగు ఆంపియర్లు లాగుచుండును. అన్నము సగము ఉడికియుండగా బ్రేకరు పడిపోవును. దీనికి మందు కష్టము కాదు. మైక్రోవేవు నడచు పది నిమిషములు చల్లబరచు యంత్రమును ఆపవలెను. ఇడ్లీని, పప్పును కరెంటు పొయ్యిపై గాక బండిలోని గ్యాసు పొయ్యిపై ఉడికింపవలెను. పోపు వేయుటకు ముందు పైకప్పు ఫ్యాను తిప్పి, కిటికీ తెరచినచో పొగగంట మ్రోగదు. గంటలతరబడి నడచు బరువులకు సాకెట్టు శక్తిలో నూటికి 80 వంతులు మాత్రమే వాడుట క్షేమము. అనగా 30 సాకెట్టుకు 24 ఆంపియర్లు.

వేసవి మధ్యాహ్నమున వేరొక చిక్కు కలదు. విడిదిలోని బండ్లన్నియు ఒక్కమారు చల్లబరచు యంత్రములను నడపగా, పాత తీగలలో ఒత్తిడి తగ్గిపోవును. 114 మొదలు 126 వోల్టుల వరకు మంచిది. 105కు దిగినచో చల్లబరచు యంత్రమును వెంటనే ఆపవలెను. ఒత్తిడి తగ్గినపుడు దానిలోని మోటారు తన పనికై ఎక్కువ ఆంపియర్లు లాగి, వేడెక్కి, చుట్టలు కాలిపోవును. సాకెట్టులో గ్రుచ్చి చూచు చిన్న వోల్టు మీటరు కొలది డాలర్లకు దొరకును.

బయట విడిచిన చెప్పులు

ఇంతవరకు చెప్పినది వస్తువులకు కలుగు నష్టము. ఇపుడు చెప్పబోవునది మనుష్యులకు కలుగు అపాయము. దీనిని తెలుగువారు విశేషముగా గమనింపవలెను. మనకు గడప దాటుటకు ముందు చెప్పులు విడుచు అలవాటు కలదు. చక్రముల మీది ఇంటికిని మన మట్లే చేయుదుము. వాన వెలిసిన గడ్డిపై వట్టి కాళ్ళతో నిలిచి, లోహపు తలుపు పిడిని చేతబట్టి, పిల్లలు, పెద్దలు లోని కెక్కుచుందురు.

బండి రబ్బరు చక్రములపై నిలుచునది. అందుచే దానికి నేలతో సంబంధము లేదు. బండిలో ఎచ్చటనైన తీగ ఒరసి కరెంటు కారినచో, దానిని సురక్షితముగా కొనిపోవునది ప్లగ్గులోని ఎర్తు తీగ ఒక్కటియే. స్తంభమునందో, పొడిగింపు తీగయందో ఆ ఎర్తు తెగియున్నచో, కారిన కరెంటు బండి రేకులంతట నిలిచియుండును. లోపలనున్నవారికి ఏమియు తెలియదు. తీగపై వాలిన పిట్టకు ఏమియు కానట్లే. కాని తడినేలపై నిలిచి తలుపు తాకినవాని దేహమే ఆ కరెంటుకు దారి యగును. బ్రేకరు కాపాడును గదా యందురేమో. బ్రేకరు పడుటకు 30 ఆంపియర్లు మించవలెను. గుండె ఆగుటకు ఆంపియరులో పదియవ వంతు చాలును.

కాబట్టి కొన్ని నియమములు. కరెంటు తగిలించియున్నంతకాలము చెప్పులు మెట్టుదాటి లోపల విడువవలెను, బయట విడువరాదు. ప్లగ్గు ఎర్తు కాలిని ఎన్నడును విరువరాదు. తాకకుండ పరీక్షించు కలము వంటి టెస్టరు నొకటి కొని, కరెంటు కలిపిన వెంటనే, నేలపై నిలిచి, బండి రేకువద్దకు చేర్చి చూడవలెను. అది వెలిగినను, కూసినను, లేక ఎవరికైన తలుపు తాకగా చేయి కొంచెము జిల్లుమన్నను, బండిని మరల తాకక, పొడి చేతులతో స్తంభములోని బ్రేకరును ఆపవలెను. అంతవరకు లోపలివారు క్రిందికి దిగరాదు. ‘కొంచెమే గదా’ యని ఊరకుండరాదు. నేడు ఎండినయున్న నేల రేపు తడియగును.

తగిలించు క్రమము

విడిది చేరగానే మొదట స్తంభపు బ్రేకరు ఆపియున్నదో లేదో చూడవలెను. సాకెట్టు కాలి నల్లబడినను, వదులుగా నున్నను వేరొక జాగా అడుగవలెను. తరువాత ఇ.ఎం.ఎస్. అను రక్షక యంత్రమును సాకెట్టుకు తగిలించి బ్రేకరు వేసినచో, అది వోల్టులను, ఎర్తును, తీగల వరుసను పరీక్షించి తప్పున్న తెలుపును. సర్జ్ ప్రొటెక్టరు మాత్రమే ఐనది పిడుగుపాటు వంటి ఉప్పెనను అడ్డగించును గాని, ఒత్తిడి తగ్గుటను అడ్డగింపదు. కొనునపుడు ఈ భేదము తెలియవలెను. పరీక్ష సరియైన పిదప బ్రేకరు మరల ఆపి, బండిలోని యంత్రములన్నియు ఆపి, బండి తీగను తగిలించి, చివరకు బ్రేకరు వేయవలెను. బయలుదేరునపుడు ఇదే వరుసను తలక్రిందులుగా నడపవలెను: మొదట యంత్రములు, తరువాత బ్రేకరు, ఆ పిదప ప్లగ్గు.

కరెంటు లేని విడిదిలో జనరేటరు నడపువారు దాని పొగయందలి కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషమని మరువరాదు. నిదురించునపుడు జనరేటరు నడపరాదు. బండిలోని హెచ్చరిక గంటను ప్రయాణమునకు ముందే నొక్కి చూడవలెను.

బంధువుల ఇంటిముందు బండి నిలుపువారికి ఒక మాట. కారు షెడ్డులోని మామూలు సాకెట్టు బ్యాటరీ నింపుటకు, దీపములకు, ఫ్రిజ్జుకు చాలును. చల్లబరచు యంత్రమునకు చాలదు. సన్నని పొడిగింపు తీగ వేడెక్కి కరగును. బండిని కొనినవారు ఇంటివద్ద 30 ఆంపియర్ల సాకెట్టు పెట్టించుకొందురు. బట్టలారబెట్టు యంత్రపు సాకెట్టును పోలియుండుటచే దానికి 240 వోల్టులు కలిపిన ఎలక్ట్రీషియనులు కలరు. ఆర్.వి. సాకెట్టు 120 వోల్టులది. ప్లగ్గు పెట్టకముందే మీటరుతో కొలిపింపవలెను. లేనిచో బండిలోని యంత్రములు క్షణములో మాడిపోవును.

ఈ జాగ్రత్తలకు పట్టునది ప్రతి విడిదిలోను పది నిమిషములు. ఆ పది నిమిషములు గడచిన పిదప కుర్చీలు బయట వేసికొని, కాఫీ కలుపుకొని, కొండలమీద ప్రొద్దు క్రుంకుట నిశ్చింతగా చూడవచ్చును. పిల్లలు తలుపు తీసికొని ఎన్నిమారులు లోనికి బయటకు పరుగెత్తినను పెద్దలకు గుండె గుబులుండదు.