అమ్మ డబ్బాలో ఏడు తామర గింజలు

రెండేళ్లపాటు ఖాతాదారు చెయ్యి పడని పొదుపు ఖాతాను బ్యాంకులో మేము 'ఇనాపరేటివ్' అంటాం. అందులో డబ్బు ఎక్కడికీ పోదు. వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది. కాని మనిషి వచ్చి, కాగితాలిచ్చి, తట్టి లేపితేగాని ఆ ఖాతా కదలదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అలాంటివి ఎన్నో చూశాను. మా ఇంటి దేవుడి గూట్లోనే ఒకటుందని మాత్రం 2023 వరకూ నాకు తెలియలేదు.

ఆ ఏడు జనవరిలో అమ్మ సంవత్సరీకానికి ఇల్లు సర్దుతుంటే గూట్లో వెనకగా చిన్న అల్యూమినియం డబ్బా దొరికింది. అందులో నల్లగా, గోళీల్లా గట్టిగా ఏడు గింజలు, మడత పెట్టిన చీటీ ఉన్నాయి. మా అబ్బాయి మద్రాసు బళ్లో తమిళం చదువుకున్నవాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవడం కష్టం. వాడే చీటీ తీసుకుని, కూడబలుక్కుంటూ చదివాడు: "పుట్టింటి చెరువు, 1986."

1986లో మా అమ్మమ్మ పోయింది. అప్పుడు అమ్మ కైకలూరు దగ్గర పల్లెకు వెళ్లి వచ్చింది. చిన్నప్పుడు ఆ చెరువులో దిగి పచ్చి తామర గింజలు ఒలుచుకు తిన్న సంగతి, తామరాకుల్లో అన్నం తిన్న సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పిందో! తరువాత ఆ చెరువు చేపల పెంపకానికి పోయింది. ఇప్పుడక్కడ తామర లేదు. అంటే ఆ ఊరి తామర అన్నది మిగిలి ఉంటే మా డబ్బాలోనే మిగిలి ఉండాలి.

"మొలకెత్తిస్తాను" అన్నాను. హోసూరు నుంచి వచ్చిన మా అక్క ఒప్పుకోలేదు. "అమ్మ దాచుకున్న వస్తువు మీద ఆకురాయి పెడతావురా? పాడైతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తావు?" అంది. తప్పు పట్టలేని మాట. అయినా గింజ ఉన్నది దాచుకోవడానికా, మొలవడానికా? చివరికి రెండు గింజలు డబ్బాలోనే ఉంచేట్టు, మిగిలిన ఐదూ నాకు వదిలేట్టు రాజీ కుదిరింది.

వెయ్యేళ్ల నిద్ర

ముప్ఫై ఏడేళ్ల గింజ మొలుస్తుందా అని మీకూ అనుమానం రావచ్చు. జపాన్‌లో డాక్టర్ ఇచిరో ఓగా అనే శాస్త్రవేత్తకు 1951లో చిబా దగ్గర తవ్వకాల్లో మూడు తామర గింజలు దొరికాయి. రెండు వేల ఏళ్ల నాటివని అంచనా వేశారు. వాటిలో ఒకటి పెరిగి 1952లో పూసింది. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల గింజను మొలిపించినట్టు జేన్ షెన్-మిల్లర్ బృందం 1995లో ప్రకటించింది. గింజ చుట్టూ ఉన్న చిప్ప నీటిని లోపలికి పోనివ్వదు. నీరు తగిలిందాకా లోపలి మొలక నిద్రపోతూనే ఉంటుంది. మా బ్యాంకులో పదేళ్లు కదలని డిపాజిట్‌ను రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాం. తామరకు అలాంటి గడువేమీ లేదు!

బజారులో పాఠాలు

అమ్మ గింజల మీద మొదటే చెయ్యి చేసుకునే ధైర్యం లేక, ముందు బజారు గింజలతో నేర్చుకుందామనుకున్నాను. పూజాసామగ్రి కొట్లో తామరపూసల మాల కొని తెంచాను. "మాల తెంచేశారా!" అని మా శ్రీమతి నొచ్చుకుంది. ఫలితమూ అలాగే ఉంది. దారం ఎక్కించడానికి నడుమ బెజ్జం వేసిన గింజలవి. మూడో రోజుకు నీళ్లు కంపు కొట్టాయి. తరువాత నాట్టు మరుందు కడైకి, అంటే మన మూలికల కొట్టుకు వెళ్లి తెల్లటి తామర పప్పు తెచ్చాను. అది చిప్ప ఒలిచి, లోపలి చేదు మొలక తీసేసి, వంటకూ మందుకూ అమ్మే పప్పు. అదీ మొలవదు. మరో మాట. కొట్లలో దొరికే ఫూల్ మఖానాను చాలామంది తామర గింజలే అనుకుంటారు. అది వేరే నీటి మొక్క గింజల పేలాలు.

మనకు కావలసింది నల్లటి చిప్పతో ఉన్న, బెజ్జం లేని గింజ. అవి కొన్ని సంపాదించి, చెయ్యి కుదిరాక ఫిబ్రవరిలో అమ్మ గింజలు తీశాను.

గింజను లేపే పద్ధతి

ముందుగా గింజల్ని నీళ్లలో వేయాలి. తేలినవి సాధారణంగా తాలు. మా ఐదింట్లో ఒకటి తేలింది.

గింజకు ఒక కొన మొనదేలి ఉంటుంది, రెండో కొన కాస్త గుంట పడి ఉంటుంది. ఆ గుంట ఉన్న కొననే ఆకురాయి మీద అరగదీయాలి. నల్ల చిప్ప అరిగి, లోపలి మీగడరంగు పప్పు చుక్కంత కనబడగానే ఆపెయ్యాలి. లోతుకు పోతే గింజ కుళ్లుతుంది. మూడో గింజ దగ్గర నా చెయ్యి కాస్త ఎక్కువ ఆడింది, అది కుళ్లిపోయింది.

అరగదీసిన గింజను గాజు గ్లాసులో వేసి, ఎండ తగిలే కిటికీలో పెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో గింజ ఉబ్బుతుంది. ఐదో రోజు పొద్దున్నే మా అబ్బాయి కేకేశాడు. చిప్ప చీలి, ఆకుపచ్చ మొలక వంకీ తిరిగి బయటికి వచ్చింది. వారం తిరిగేసరికి మూడు మొలిచాయి. ఆ రాత్రి అక్కకు ఫోను చేస్తే కాసేపు మాట్లాడలేదు. తరువాత "జాగ్రత్తరా" అంది.

తొట్టిలో కాపురం

రెండు మూడు వారాల్లో సన్నని వేళ్లు వస్తాయి. అప్పుడు మట్టిలో పెట్టాలి. అడుగున చిల్లు లేని, అడుగున్నర వెడల్పుకు తగ్గని తొట్టి మంచిది. అందులో ఐదారు అంగుళాల మందాన బంకమట్టి వేయాలి. కుండీ మొక్కలకు వాడే కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు వేస్తే నీళ్లపైకి తేలతాయి, కుళ్లుతాయి. మొదట రెండు మూడంగుళాల నీళ్లు చాలు, ఆకులు పెరిగేకొద్దీ పెంచాలి. రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మూడు మొక్కల్నీ మూడు తొట్లలో పెట్టి, ప్రేమకొద్దీ రెండింటికి గుప్పెడేసి వర్మీ కంపోస్టు వేశాను. మూడోదాని వంతు వచ్చేసరికి సంచి ఖాళీ అయింది. పది రోజుల్లో ఎరువు తిన్న రెండూ ఆకులు మాడి పోయాయి. పస్తున్నది బతికింది. లేత తామరకు గింజలోని ఆహారమే చాలు. నీటిమీద తేలే మొదటి ఆకులు దాటి, కాడమీద నిలబడే ఆకులు నాలుగైదు వచ్చాకే ఎరువు, అదీ కొంచెంగా, మట్టి లోపల గుచ్చి పెట్టాలి. అప్పు ఇచ్చేముందు అవతలివాడి తాహతు చూడమని కుర్ర ఆఫీసర్లకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంట్లో ఆ పాఠమే మరిచాను.

దోమలు రాకుండా నాలుగు గప్పీ చేపలు వదిలాను. ఆ డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వానకు తొట్టి పొర్లి చేపలు కొట్టుకుపోయాయి. ఆకులన్నీ చినిగి పడిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నాను. కాని మట్టిలో దుంప ఊరి ఉంది. ఫిబ్రవరి ఎండలు తగలగానే మళ్లీ చిగురించింది.

పువ్వు

గింజ నుంచి పెంచిన తామర పూయడానికి తరచు రెండో ఏడు పడుతుంది. మాది 2024 మే నెలలో మొగ్గ తొడిగింది. తెల్లవారి విచ్చి, పొద్దెక్కేసరికి ముడుచుకుని, మూడు రోజులు అలా చేసి నాలుగో రోజు రేకులు రాల్చింది. కోసి దేవుడికి పెడదామని నేనంటే, "అత్తయ్యగారి పువ్వు, చెట్టుమీదే ఉండనివ్వండి" అంది మా శ్రీమతి.

పుట్టింటి చెరువులో ఎర్ర తామరలుండేవని అమ్మ చెప్పేది. మాది లేత గులాబి, రేకుల అడుగున తెలుపు. గింజతో వచ్చిన మొక్క తల్లిని అచ్చుగుద్దినట్టు ఉండనక్కరలేదు. అదే పువ్వు కావాలంటే దుంప నాటుకోవాలి. అందులో చింతించడానికేముంది? మద్రాసులో పుట్టిన మేము మాత్రం కైకలూరు వాళ్లలా అచ్చంగా ఎప్పుడున్నాం గనుక!

దుద్దులో గింజ పట్టలేదు. ఒక్క పువ్వే పూస్తే తరచు అంతే. కనుక లెక్క ఇది: ఏడింటిలో ఒకటి తాలు, ఒకటి కుళ్లింది, రెండు నా ఎరువుకు బలి, ఒకటి పూసింది, రెండు డబ్బాలో ఉన్నాయి.

పువ్వు విచ్చిన రెండో రోజు అక్క హోసూరు నుంచి వచ్చింది. మేడమీద తొట్టి పక్కన చాలాసేపు కూర్చుంది. సాయంత్రం బస్సెక్కబోతూ అంది: "ఒరే తమ్ముడూ, ఆ డబ్బాలో రెండున్నాయిగా? ఒకటి నాకు గీకి పెట్టు. మెల్లిగా గీకు."