లెవోడోపా ప్రభావ క్షీణత

లెవోడోపా ప్రభావ క్షీణత అనగా పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులలో, కొన్నేళ్ళ వాడకం తరువాత, ఒక మోతాదు ప్రభావం తరువాతి మోతాదు వేళకు ముందే తగ్గిపోవడం. అప్పుడు వణుకు, కండరాల బిగుతు, కదలికలలో మందకొడితనం తిరిగి కనిపిస్తాయి. 1967లో అమెరికాలో జార్జి కొట్జియాస్ ఈ మందును అధిక మోతాదులలో ఇచ్చి సత్ఫలితాలు సాధించాడు. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగానే లభిస్తుంది.

కారణం

లెవోడోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. వ్యాధి తొలిదశలో మిగిలియున్న నాడీకణాలు దానిని నిలువ చేసుకొని కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. ఆ కణాలు నశించేకొలదీ నిలువ చేసే శక్తి తగ్గుతుంది. అందుచేత రక్తంలో మందు ఉన్నంతసేపే గుణం కనిపిస్తుంది. మందు శక్తి కోల్పోయిందని దీని అర్థం కాదు.

చికిత్స

మాత్ర వేసుకున్న వేళ, గుణం తగ్గిన వేళ రోజూ వ్రాసి ఉంచినచో వైద్యునికి అది మార్గదర్శకమవుతుంది. వైద్యులు మోతాదుల మధ్య వ్యవధిని తగ్గిస్తారు, లేదా ఎంటకపోన్ వంటి మందును జతచేస్తారు. తగిన రోగులకు మెదడులో ఎలక్ట్రోడులను అమర్చే శస్త్రచికిత్స కూడా ఉంది. పప్పు, గుడ్లు, మాంసం వంటి ఆహారంలోని మాంసకృత్తులు లెవోడోపా మెదడుకు చేరడాన్ని తగ్గించగలవు. కనుక మాత్రను సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమని సూచిస్తారు.

గుణం తగ్గిందని మందును హఠాత్తుగా మానరాదు. అలా మానినచో తీవ్ర జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం వంటి లక్షణాలతో ప్రాణాపాయం కలుగవచ్చు.