తూకం తప్పని డేగ

మా బాల్కనీలో ఏసీ డబ్బా వెనకాల పావురాలు కాపురం పెట్టి మూడేళ్లయింది. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. వాటిని వెళ్లగొట్టడానికి మా ఇంటావిడ పడని పాట్లు లేవు. మొదట పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీసింది. రెండు రోజులు బెదిరాయి. మూడో రోజు నుంచి వాటి ముందే నిలబడి మెడలు తిప్పుకుంటూ షికార్లు మొదలెట్టాయి. తర్వాత ప్లాస్టిక్ గుడ్లగూబ వచ్చింది. వారం తిరిగేసరికి ఓ పావురం దాని నెత్తి మీదే కూర్చుని రెట్ట వేసింది. వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు అది చూసి పడీపడీ నవ్వింది.

"తాతయ్యా, ఇవి దేనికీ భయపడవా?"

భయపడతాయమ్మలూ, ఎందుకు భయపడవు! లండన్ పావురాల్ని అడిగితే చెబుతాయి. వింబుల్డన్ తెలుసుగా? 2015లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో జతకట్టి డబుల్స్ గెలిచిన చోటు. అక్కడి కోర్టుల్లో పెరిగేది నిజమైన పచ్చిక. గడ్డిగింజలంటే పావురాలకు పండగ. పైగా స్టేడియం కప్పు కింద దూలాలున్నాయి, గూళ్లకు అంతకంటే మంచి చోటెక్కడ? లక్షలమంది టీవీల ముందు కళ్లప్పగించి కూర్చున్నప్పుడు, సర్వ్ చేయబోయే ఆటగాడి ముందు పావురం దిగితే ఎలా ఉంటుంది? అందుకని వింబుల్డన్ వాళ్లు ఒక కాపలాదారుణ్ణి పెట్టుకున్నారు. పేరు రూఫస్. హ్యారిస్ హాక్ అనే జాతి డేగ. 2007లో పుట్టాడు, మరుసటి ఏడాదే డ్యూటీలో చేరాడు. టోర్నమెంటు రోజుల్లో తెల్లవారుజామున 5 గంటల వేళ, జనం రాకముందు, వాణ్ణి వదులుతారు. ఈ కప్పు మీంచి ఆ కప్పు మీదికి నాలుగు చుట్లు కొడతాడు. అంతే, పావురాలు ఊరు మారుస్తాయి. 2012 జూన్ చివర్లో ఎవరో వాణ్ణి పంజరంతో సహా కారులోంచి ఎత్తుకుపోయారు. దేశమంతా గగ్గోలు. మూడు రోజులకు ఒక కాలు నొప్పితో దొరికాడు. ఆటగాళ్లలో ఎంతమందికి ఉంటుంది చెప్పు, అంత పేరు!

డేగలన్నీ ఇలా చెప్పినమాట వినవు. మామూలుగా వేటపక్షి ఒంటరిది. జంటగా ఉన్నా, ఎవరి వేట వారిదే. ఈ హ్యారిస్ డేగ మాత్రం అమెరికా నైరుతి ఎడారుల నుంచి చిలీ, అర్జెంటీనాల దాకా గుంపుగా వేటాడుతుంది. ఒకటి పొదలోకి దూరి కుందేల్ని తరిమితే, ఇంకోటి బయట కాచుకుని ఉంటుంది. దొరికింది అన్నీ పంచుకుంటాయి. నిలబడటానికి చోటు లేకపోతే నాగజెముడు చెట్టు మీద ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి నిలబడతాయి, మన ఉట్టికొట్టే కుర్రాళ్లలాగా. కలిసి బతకడం పుట్టుకతో వచ్చింది కాబట్టి చేతికి తోలు తొడుగు వేసుకున్న మనిషిని కూడా జట్టులో ఒకడిగా చేర్చేసుకుంటుంది.

అలాగని ప్రేమతో తిరిగొస్తుందనుకునేవు. తిరిగి రప్పించేది త్రాసు.

రూఫస్‌ని ఎగరేసే ముందు తూకం వేస్తారు. వాడి ఎగిరే బరువు ఆరువందల గ్రాముల చిల్లర. బంగారం కొట్లో చూశావుగా, ముల్లు ఇటు కదిలితే కంసాలి మొహం ఎలా మారుతుందో! ఇదీ అంతే. కాస్త ఎక్కువ తూగాడా, కడుపు నిండినట్టు. ఏ కొమ్మ మీదో కునుకు తీస్తాడు, ఈల వేసినా, మాంసం ముక్క చూపించినా దిగడు. మరీ తక్కువ తూగాడా, ఆకలి మీదున్నట్టు. పావురాన్ని బెదిరించడంతో ఆగడు, పట్టేస్తాడు. ఆ రెంటికీ నడుమ సన్నటి గీత ఉంది. తిండి యావ ఉండాలి, ఆత్రం ఉండకూడదు. డేగను పెంచేవాడి పనితనమంతా ఆ గీత మీద ఉంది.

"మరి పావురానికి అది నిజం డేగ అని ఎలా తెలుస్తుంది?"

మా పెరట్లో మా అమ్మ పెంచిన కోడిని చూసి ఉంటే నువ్వీ మాట అడగవు. పిల్లలేసుకుని తిరుగుతూ తిరుగుతూ చటుక్కున మెడ పక్కకు వంచి, ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసేది. గొంతులోంచి సన్నగా, సాగదీసి ఒక కూత. అంతే, పది పిల్లలూ రెక్కల కిందకి! నేను తలెత్తి వెతికితే ఎక్కడో చుక్కంత గద్ద. దీని మీద 1930ల్లో లొరెంజ్, టిన్‌బెర్గెన్ అనే ఇద్దరు పెద్దలు తమాషా పరీక్ష చేశారు. అట్టముక్కతో ఒక పక్షి నీడబొమ్మ కత్తిరించి, పిల్లల మీదుగా తీగపై లాగారు. ఒకవైపు లాగితే పొట్టి మెడ, పొడుగు తోక, అంటే డేగ. అదే బొమ్మను వెనక్కి లాగితే పొడుగు మెడ, పొట్టి తోక, అంటే బాతు. డేగలా పోతే బెదిరాయి, బాతులా పోతే ఊరుకున్నాయి. డేగ రూపు పుట్టుకతోనే బుర్రలో అచ్చయి ఉందని అప్పట్లో అనుకున్నారు. ఆ ఇద్దరికీ 1973లో నోబెల్ కూడా వచ్చింది, ఈ ఒక్క పరీక్షకే కాదులే. అయితే 1961లో ష్లైట్ అనే ఆయన సీమకోడి పిల్లలతో మళ్లీ చేసి చూస్తే కథ వేరేగా తేలింది. ఏ ఆకారమైనా రోజూ నెత్తి మీద తిప్పితే పిల్లలకు అలవాటైపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చేదానికే బెదురుతాయి. బాతులు రోజూ పోతాయి, డేగ అరుదుగా వస్తుంది, అందుకే దాని భయం చెక్కుచెదరదు.

ఇప్పుడు మీ నాయనమ్మ గుడ్లగూబ ఎందుకు ఓడిపోయిందో తెలిసిందా? అది ఇరవైనాలుగ్గంటలూ డ్యూటీలో ఉంది! రోజూ కనిపించి, ఎవర్నీ ఏమీ చేయని శత్రువు శత్రువెలా అవుతుంది? మా చిన్నప్పుడు జొన్నచేలో దిష్టిబొమ్మ మీద చిలకలు వాలి, కంకి ముక్కున కరుచుకుని తీరిగ్గా తినేవి. మంచె మీద నేను వడిసెల తిప్పితేనే లేచేవి. అంత దూరాన ఆ తాడు చప్పుడుకే లేచేవి, నా రాయి ఎన్నడూ ఒక్కదానికీ తగల్లేదు. కానీ తగలొచ్చు. డేగ బలం కూడా ఆ 'తగలొచ్చు'లోనే ఉంది. కాబట్టి రక్తం చుక్క కారని పని అని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకు. ఎప్పుడైనా ఒక పావురం దొరకనూ వచ్చు. అయినా విషం గింజలకంటే, తుపాకీకంటే ఎంతో నయం. ఒక తకరారు మాత్రం ఉంది. ఇక్కణ్ణుంచి లేచినవి పక్కవాళ్ల డాబా మీద వాలతాయి. ఆ సంగతి మెచ్చుకునేవాళ్లెవరూ చెప్పరు.

విమానాశ్రయాల్లో అయితే ఇది ప్రాణాల మీది వ్యవహారం. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో పైకి లేచిన విమానం ఇంజన్లలోకి గోరువంకల జాతి పిట్టల గుంపు దూరి 62 మంది చనిపోయారు. న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో 1996లో డేగల్ని దించింది అలాంటి భయంతోనే.

"అయితే మనమూ ఒకటి తెచ్చుకుందాం తాతయ్యా!"

తెచ్చుకుంటే నన్ను జైల్లో చూడాలి నువ్వు. డేగవేట మనకు కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన 'మానసోల్లాస'లో దానికి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో గద్దనీ, డేగనీ పట్టడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. ఎవడైనా పిల్లడేగను సంచిలో పెట్టుకొచ్చి అమ్మజూపితే కొనకండి, అటవీశాఖకు చెప్పండి.

మన బాల్కనీకి వల చాలు. నిన్న వల కట్టే అబ్బాయి వచ్చాడు. ఏసీ వెనక టార్చి వేసి చూస్తే రెండు గుడ్లు. పొదగడానికి 18 రోజులు, పిల్లలకు రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో నెల. వచ్చే నెలాఖరుకు రమ్మని పంపేశాను. మీ ఇంట్లోనూ వల కట్టించే ముందు ఒకసారి డబ్బా వెనక్కి తొంగి చూడండి.