మీకు తెలుసా? కోత లేకుండా క్రీముతోనే

హెచ్‌పీవీ వైరస్ వల్ల స్త్రీ బాహ్య జననాంగంపై వచ్చే, క్యాన్సర్‌గా మారగల మచ్చలను చాలామందిలో ఆపరేషన్ లేకుండా పూతమందుతోనే పోగొట్టవచ్చు.

ఆ మందు పేరు ఇమిక్విమాడ్. జననాంగాల పులిపిర్లకు ఎప్పటినుంచో వాడుతున్న క్రీమే. ఇది వైరస్‌ను నేరుగా చంపదు; పూసిన చోట ఒంట్లోని రోగనిరోధక కణాలను తట్టి లేపుతుంది. ఆస్ట్రియాలోని 6 ఆసుపత్రుల్లో జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. క్రీము వాడినవారిలో 80 శాతం మందికి, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 79 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. నెలల తరబడి వాడాలి, పూసిన చోట ఎర్రబడి మండుతుంది కూడా. అయినా అంత సున్నితమైన చోట కోత, కుట్లు తప్పడం ఎంత ఊరటో వేరే చెప్పాలా!

ముందుగా చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే. అప్పటికే లోపలికి పాకిన క్యాన్సర్‌కు ఈ క్రీము చాలదు. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసే పాప్ పరీక్షలో ఈ మచ్చలు బయటపడవు. వారాల తరబడి వదలని దురద, ఉబ్బెత్తుగా తెల్లగానో ఎర్రగానో కనిపించే మచ్చ ఉంటే గైనకాలజిస్టు కంటితో చూసి పరీక్షించాలి.