జెడ్పీ నుంచి లోక్‌సభ స్పీకర్ దాకా: మన బాలయోగి గారు

మనలో ఎక్కువమందిమి జెడ్పీ హైస్కూల్లో చదువుకున్నవాళ్ళమే. స్కూలు బోర్డు మీద 'జిల్లా పరిషత్' అనే మాట రోజూ చూస్తూనే పదో తరగతి దాటాం. కాని ఆ జిల్లా పరిషత్ ఏమిటి, దాన్ని నడిపేది ఎవరు, అక్కడికి వెళ్ళే దారి ఏది అని అడిగింది తక్కువ. హాస్టల్లో "చదివి ఏమవుతావు?" అంటే టీచరు, కానిస్టేబులు, గ్రూప్-2 అంటాం. జెడ్పీ ఛైర్మన్ అనో, ఎమ్మెల్యే అనో ఎవరమూ అనం. అది మన పని కాదనుకుంటాం. అది కూడా మన పనే అని చేసి చూపినవారు మన గోదావరి గడ్డ మీదే పుట్టారు. ఆయన గంటి మోహన చంద్ర బాలయోగి గారు.

పెనుగొండ నుంచి సిద్ధాంతం వెళ్ళి వశిష్ఠ గోదావరి వంతెన దాటితే కోనసీమ. ఆ కోనసీమకు ఆ చివర, గౌతమి ఒడ్డున, యానానికి ఎదురుగా ఉన్న ఊరు ఎదుర్లంక. బాలయోగి గారు 1951 అక్టోబరు 1న అక్కడ ఒక దళిత కుటుంబంలో పుట్టారు. ఊళ్ళో ప్రాథమిక బడి వసతి లేక పక్కనున్న గుత్తెనదీవికి వెళ్ళి చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.జి., లా పూర్తి చేసి 1980లో కాకినాడలో వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది. దానికి రాజీనామా చేసి మళ్ళీ ప్రాక్టీసుకే వచ్చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయిన ఇళ్ళలో గవర్నమెంటు ఉద్యోగం వదిలేశామంటే ఏమవుతుందో మనకు తెలుసు. అమ్మానాన్నల మాట అటుంచి, ఊరంతా వచ్చి చీవాట్లు పెడుతుంది. ఆ భయం తప్పు కాదు. అది కూలి చేసి చదివించిన వాళ్ళ భయం. అందుకే ఆయన వేసిన అడుగు ఎంత పెద్దదో మనకు బాగా అర్థమవుతుంది.

1986లో ఆయన కాకినాడ కో-ఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ ఛైర్మన్ అయ్యారు. అదే ఏడాది ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం పాత సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు, జిల్లా ప్రజా పరిషత్తులు తెస్తూ చట్టం చేసింది. 1987లో ఎన్నికలు జరిగాయి. తెలుగుదేశం తరఫున బాలయోగి గారు తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ ఛైర్మన్ అయ్యారు.

ఈ గెలుపు విలువ తెలియాలంటే ఒక తేడా గమనించాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఛైర్మన్‌ను జెడ్పీటీసీ సభ్యులు ఎన్నుకుంటున్నారు. 1987లో అలా కాదు, గ్రామీణ ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఎమ్మెల్యే ఒక్క నియోజకవర్గంలో ఓట్లడిగితే చాలు. ఆయన తుని వైపు పల్లెల నుంచి రాజోలు దాకా, మన్యంలో రంపచోడవరం దాకా జిల్లా అంతటా అడగాలి.

జెడ్పీ అంటే బడులు, రోడ్లు, మంచినీళ్ళు. సర్వసభ్య సమావేశంలో ఎమ్మెల్యేలు, ఎంపీలు, మండలాధ్యక్షులు, అధికారులు అందరూ కూర్చుంటారు. మా ఊరికి బోరు లేదని ఒకరు, మా రోడ్డు గతేమిటని ఇంకొకరు లేస్తారు. ఛైర్మన్ అందరి మాటా వినాలి, అందరినీ అదుపులో పెట్టాలి. తర్వాత ఢిల్లీలో చేయవలసి వచ్చిన పనికి ఆయన అక్షరాభ్యాసం ఇక్కడే జరిగిందని మాకు అనిపిస్తుంది.

1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడిపోయారు. కాని ఇంట్లో కూర్చోలేదు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళి, రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఊళ్ళో బడి లేక పక్క ఊరికి నడిచిన పిల్లవాడి చేతికి కాలేజీలు, యూనివర్సిటీల శాఖ వచ్చింది! 1998లో మళ్ళీ లోక్‌సభకు గెలిచి, మార్చి 24న స్పీకర్‌గా ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్ళు. ఆ పీఠం మీద కూర్చున్న తొలి దళితుడు ఆయనే.

ఏడాది తిరగగానే పెద్ద పరీక్ష వచ్చింది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి గారి ప్రభుత్వ విశ్వాస తీర్మానం మీద ఓటింగు. ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన తర్వాత కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అనే వివాదం లేచింది. స్పీకర్ సొంత పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం వైపు ఉంది. అయినా ఆ నిర్ణయాన్ని ఆయన గమాంగ్ విజ్ఞతకే వదిలారు. గమాంగ్ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఓట్లు సమానమైతేనే స్పీకర్ ఓటు వేయాలి కాబట్టి ఆయనకు ఆ అవసరం రాలేదు. ఆ నిర్ణయం మీద వాదనలు ఆ తర్వాత కూడా సాగాయి. కాని అదే ఏడాది అక్టోబరు 22న కొత్త సభ ఆయననే మళ్ళీ ఏకగ్రీవంగా ఎన్నుకుంది. 2000లో లోక్‌సభకు తొలి నైతిక విలువల కమిటీని వేసిందీ ఆయనే.

2002 మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తుండగా, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. వయసు యాభై ఏళ్ళే. ఎదుర్లంక, యానాం మధ్య గౌతమి మీద వంతెనకు ఆయన పేరే పెట్టారు.

మిత్రులారా, విగ్రహానికి దండ వేసి ఊరుకోవడానికి ఇదంతా రాయలేదు. శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్ళు నిండాలి. వార్డు మెంబరు, సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ పదవులకు 21 చాలు. అంటే ఇరవై మూడేళ్ళ మాకు ఆ తలుపు ఇప్పటికే తెరిచి ఉంది. రిజర్వేషన్ వల్ల మన వాళ్ళకు కుర్చీలు వస్తూనే ఉన్నాయి. కాని చాలా చోట్ల కుర్చీ ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. తీర్మానం చదవకుండా సంతకం పెట్టినంత కాలం అంతే. చదివి, అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టేవాడిని పక్కకు నెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ చదువు మనకు హాస్టలు ఇచ్చింది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కసారైనా గ్రామసభకు వెళ్ళి కూర్చుందాం. లెక్కలు చదవమని అడుగుదాం. బాలయోగి గారి దారి మొదలయ్యేది అక్కడే.