కొండకర్ల ఆవకు సైబీరియా కొంగ రాదు

అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పిట్టలకు కొదవ లేదు. శారదా నది, దానిలో కలిసే గెడ్డలు, చెరువులు, చెరకు తోటలు, తాటి వరసలు, పడమట మాడుగుల వైపు కొండలు, ఇటు సముద్రం. ఇన్ని రకాల తావులు ఒకే జిల్లాలో ఉన్నాయి కాబట్టి ఏ నెలలో గట్టెక్కి చూసినా ఏదో ఒక జీవి కొత్తగా కంటపడుతుంది. వాటితో పాటు వాటి మీద మాటలూ తరతరాలుగా పేరుకున్నాయి. కొన్ని ముచ్చటైనవి, ఎవరికీ చెడు చెయ్యవు. కొన్ని మాత్రం ఆ జీవుల ప్రాణం మీదికి తెస్తున్నాయి. ఈ రెండో రకం గురించే గట్టిగా మాట్లాడుకోవాలి.

“ఆవలో దిగేవి సైబీరియా కొంగలు”

సంక్రాంతి సెలవుల్లో కొండకర్ల ఆవకు వెళ్లినవాళ్లు తాటిదోనె ఎక్కి, తామరాకుల మధ్య తెల్లటి పెద్ద పిట్ట కనబడగానే పిల్లలకు చెప్పే మాట ఇదే. అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య పరచుకున్న ఈ ఆవను కొల్లేరు తర్వాత రాష్ట్రంలో రెండో పెద్ద మంచినీటి సరస్సుగా చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్లకు వచ్చే పక్షులకూ ‘సైబీరియా అతిథులు’ అనే పేరే స్థిరపడిపోయింది.

అసలైన సైబీరియా కొంగ ఒంటినిండా తెలుపు, ముఖం ఎరుపు. అది మన దేశంలో చివరిసారి చలికాలం గడిపింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. 2002 తర్వాత అక్కడికి కూడా రాలేదు. మిగిలినవాటిలో అత్యధిక భాగం చైనాలోని పోయాంగ్ సరస్సుకు పోతాయి. తేలుకుంచి చెట్ల మీద వానాకాలంలో గూళ్లు పెట్టేది నత్తగుల్ల కొంగ. తేలినీలాపురంలో దిగేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇవేవీ మంచుదేశం నుంచి వచ్చినవి కావు. మన చెరువుల మధ్యే తిరుగుతూ, మన చింతచెట్ల మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. పక్షి ఎక్కడ గూడు కడితే అదే దాని సొంతూరు.

నత్తగుల్ల కొంగ ముక్కు చూడండి. రెండు దవడల మధ్య సందు ఉంటుంది, మూసినా పూర్తిగా మూతపడదు. నత్తను పట్టుకోడానికే ఆ సందు అంటారు గానీ అసలు పని జరిగేది ముక్కు కొసతో. బురదలో నత్తను ముక్కుతో అదిమిపట్టి, కింది దవడ కొసను నత్త మూత కిందికి పోనిచ్చి, లోపలి కండను తెంపి, గుల్ల పగలకుండానే మాంసాన్ని బయటికి లాగుతుంది. పిల్లల ముక్కుకు ఆ సందే ఉండదు, ఎదిగే కొద్దీ ఏర్పడుతుంది. ఈ కొంగలు దిగిన వరిమడి గట్టున ఖాళీ గుల్లలు కుప్పలుగా దొరుకుతాయి.

సైబీరియా నుంచి నిజంగా వచ్చేవీ ఉన్నాయి. సూదితోక బాతు వంటి బాతులు, తడిపొలంలో తోక ఊపుకుంటూ పరుగెత్తే గుప్పెడంత పసుపు పిట్టలు. చెరకుకు నీరు కట్టిన చోట రైతు కాళ్ల దగ్గరే తిరిగే ఆ పసుపు పిట్టను ఎవరూ అతిథి అనరు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చింది అదే.

పేరులో పొరపాటైతే ఏం పోయింది అనుకోవద్దు. పరాయి దేశపు పక్షి అనుకున్నంత కాలం దాని బాగోగులు కూడా ఎవరివో అనిపిస్తాయి. ఆవలో గుర్రపుడెక్క అల్లుకుపోతున్నా, గూళ్లున్న చింతచెట్టు కొట్టేసినా అది మరో ఊరు వెతుక్కుంటుందిలే అని ఊరుకుంటాం. దానికి మరో ఊరు లేదు.

“తీతువు కూస్తే చావు కబురు”

ఈ నమ్మకం మన పల్లెల్లో ఎంత బలంగా ఉందంటే, అర్ధరాత్రి తీతువు అరుపు వినబడితే లేచి కూర్చునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కళ్ల ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు ఉన్న ఈ పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు. చెరకు నరికిన చేలోనో, చెరువు ఎండిన చోటో, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్డుకూ రాయికీ తేడా తెలియదు. నూకాలమ్మ జాతర వెళ్లినప్పటి నుంచి వానలు బాగా పడేదాకా దాని పిల్లల కాలం. ఎండ మండిపోతుంటే తల్లీతండ్రీ నీళ్ల దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తాయి. నేలమీద గూడు కాబట్టి కుక్కా నక్కా పామూ మనిషీ అన్నీ దానికి శత్రువులే. ఎవరి అడుగు పడినా అరుస్తుంది. రాత్రి కూడా మెలకువగానే ఉంటుంది.

మరి ఈ నమ్మకం ఎలా పుట్టింది? నాకు తోచింది చెబుతాను. ఫోన్లు లేని రోజుల్లో రాత్రిపూట పొలాలకు అడ్డంపడి పక్క ఊరికి ఎవరు నడిచేవారు? చావు కబురు మోసుకెళ్లే మనిషే. ఆ మనిషి గట్టు మీద అడుగుపెట్టగానే తీతువు అరిచింది. తెల్లారేసరికి కబురు ఇల్లు చేరింది. పిట్ట అరిచినందుకు కబురు రాలేదు, కబురు తెచ్చేవాడు నడిచినందుకు పిట్ట అరిచింది.

కాళ్లు ఆకాశానికి ఎత్తి వెల్లకిలా పడుకుంటుందనేది కూడా కథే. అన్ని పిట్టల్లాగే నిలబడో, పొట్ట ఆనించి కూర్చునో నిద్రపోతుంది.

“వసంతంలో కోయిలమ్మ వచ్చి పాడుతుంది”

పాడేది మగది. ఎర్రకళ్లతో నిగనిగలాడే నలుపు దానిదే. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్కిక్ అని అరుస్తుందే తప్ప ఆ పాట పాడదు. ఎక్కడి నుంచో రావడం కూడా ఉండదు. ఏడాది పొడుగునా మన మామిడితోటల్లోనే ఉంటుంది. చలికాలంలో గొంతు విప్పదు కాబట్టి లేదనుకుంటాం. కాకులు గూళ్లు కట్టే వేళకు దాని పాట ఊపందుకుంటుంది, ఎందుకంటే గుడ్డు పెట్టాల్సింది ఆ కాకి గూట్లోనే.

“జెముడుకాకి గూట్లో సంజీవని పుల్ల”

ఏటికి ఎదురీదే పుల్ల ఒకటి జెముడుకాకి గూట్లో ఉంటుందని, అది దొరికితే రోగాలు పోతాయని, డబ్బు నిలుస్తుందని చెబుతారు. ఆ ఆశతో గూళ్లు పీకేవాళ్లున్నారు. గూట్లో ఉండేది పుల్లలు, గడ్డి, ఆకులు. అంతకు మించి ఏమీ లేదు. ఏ పుల్లా ప్రవాహానికి ఎదురు పోదు.

నిజానికి ఇది కాకే కాదు, కోకిల కుటుంబపు పిట్ట. ఆ కుటుంబంలో చాలా జాతులు గుడ్లను పరాయి గూళ్లలో పెడితే, ఇది మాత్రం తన గూడు తనే కట్టుకుని పిల్లల్ని సాకుతుంది. ఆ సాకడంలో ఎక్కువ శ్రమ తండ్రిదే. పురుగులు, నత్తలు, బల్లులు, చిన్న పాములు, ఎలుక పిల్లలు దాని తిండి. చెరకు తోటలో అంతకంటే మేలు చేసే కూలి దొరకదు. అలాంటిదాని గూడు పీకి, గుడ్లు చెడగొట్టి, పుల్లలు ఏట్లో వేసి చూడటం చాలా బాధ కలిగించే విషయం.

“గిజిగాడు గూట్లో మిణుగురు దీపం పెడుతుంది”

తొలకరి పడ్డాక నేలబావి మీదికి వాలిన తాటిమట్టలకు వేలాడే గూళ్ల లోపల తడిమట్టి అద్ది ఉంటుంది. ఆ మట్టికి మిణుగురును అంటించి పిల్లలకు వెలుగు ఇస్తుందని చెప్పుకుంటారు. మట్టి మాట నిజం, దీపం మాట కల్పన. చీకట్లో గిజిగాడు నిద్రపోతుంది, దానికి దీపంతో పనిలేదు.

ఈ అల్లిక ఆడదానిదనుకోవడం మరో పొరపాటు. అల్లేది మగది, తల మీద పసుపు మెరిసేది. వరి ఆకునో చెరకు ఆకునో అంచున కొరికి, నోట పట్టుకుని ఎగిరితే సన్నటి పోగు చీలి వస్తుంది. అలాంటి పోగులతో గూడు సగం కట్టి ఆపుతుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి, ముక్కుతో పీకి చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే మిగిలిపోతుంది. నచ్చితే మిగతాది పూర్తి చేసి, మగది పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో జత కోసం చూస్తుంది. సలీం అలీ 1930 ప్రాంతంలో ముంబయి దగ్గరి కిహిమ్‌లో ఈ సంగతంతా రోజుల తరబడి కూర్చుని గమనించి రాశారు. మన తాటిచెట్ల కింద ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇదే వానల్లో పశువుల వెంట తిరిగే కొంగల తల, మెడ నారింజరంగుకు మారతాయి. కొత్త జాతి కొంగలు దిగాయనుకుంటారు. అవే కొంగలు, జతకట్టే కాలపు ముస్తాబు.

“జెర్రిగొడ్డు, నాగుపాము పెనవేసుకుంటాయి”

రెండు పాములు తాడులా మెలికపడి నిలువునా లేస్తే ఊరంతా చేరి దణ్ణం పెడుతుంది, కొందరు కొత్తబట్ట కప్పుతారు. జెర్రిగొడ్డు నాగుపాముకు మగజోడు కాదు. రెండూ వేర్వేరు జాతులు. నాగులో ఆడా మగా ఉన్నాయి, జెర్రిగొడ్డులోనూ ఉన్నాయి. మనం చూసే ఆ మెలిక చాలాసార్లు రెండు మగ జెర్రిగొడ్ల కుస్తీ. ఒకదాని తల ఒకటి నేలకు అదమాలని చూస్తాయి. కాటు ఉండదు, ఓడింది తప్పుకుంటుంది. జెర్రిగొడ్డు తోకలో విషమన్నదీ అబద్ధమే. దానికి ఎక్కడా విషం లేదు. చెరకులో పందికొక్కుల్ని, ఎలుకల్ని తిని రైతుకు ఖర్చు తగ్గించే పాము అది.

మాడుగుల, చీడికాడ వైపు కొండవార ఊళ్లలో గిరినాగు కూడా దిగుతుంది. నాలుగు మీటర్లకు పైబడి పెరిగే ఆ పామును చూసి గుండె జారడం సహజం. అది పగబడుతుందనీ, వెంటాడుతుందనీ అనుకుని కర్రలు తీస్తారు. పగ పెట్టుకునేంత జ్ఞాపకం పాముకు లేదు. గిరినాగు వెతికేది మనిషిని కాదు, ఇతర పాముల్ని. జెర్రిగొడ్డు వాసన పట్టుకునే అది పామాయిల్, జీడి తోటల్లోకి వస్తుంది. ఎండుటాకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము లోకంలో ఇదొక్కటే. తల్లి ఆ కుప్పను కాపలా కాస్తుంది. తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం, ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ, ఈ ప్రాంతంలో గిరినాగుల కోసం పనిచేస్తోంది. పాము కనబడితే దూరంగా నిలబడి అటవీశాఖకు ఫోన్ చెయ్యడమే చెయ్యాల్సింది.

“దసరాకు పాలపిట్టను చూస్తే మంచిది”

చూడటంలో తప్పు లేదు. తెచ్చి చూపించడంలోనే ఉంది ఘోరం. పండక్కి ముందు బంకపూసిన పుల్లలతోనో వలతోనో పట్టి, రెక్కల ఈకలు కత్తిరించి, కాళ్లు కట్టి, పంజరంలో ఇంటింటికీ తిప్పి పదో ఇరవయ్యో తీసుకుంటారు. పండగైపోయాక ఆ పిట్ట ఎగరలేదు, వేటాడలేదు. బతికేవి తక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. డబ్బిచ్చి చూసినవాళ్లే ఈ వ్యాపారాన్ని నిలబెడుతున్నారు.

పాలపిట్ట దసరాకే వచ్చేది కాదు. ఏడాదంతా కరెంటు తీగల మీద కూర్చునే ఉంటుంది. కూర్చుంటే మట్టిరంగుగా ఉండి కళ్లు దాటిపోతుంది, ఎగిరినప్పుడే ఆ నీలం రెక్కలు విచ్చుకుంటాయి. చెరకు నరికాక ఆకు తగలబెట్టే చోటికి వెళ్లండి, పొగలోంచి లేచే మిడతల కోసం అది దగ్గర్లోనే కాచుకుని ఉంటుంది. ఎండాకాలంలో మొండి తాటిచెట్టు తొర్రలో గూడు పెడుతుంది. పనికిరాదని ఆ మొండిచెట్టు కొట్టేస్తే పోయేది పాలపిట్ట ఇల్లే.

2018లో మన రాష్ట్ర పక్షిగా పాలపిట్ట స్థానంలో రామచిలుకను ప్రకటించారు. దాన్నీ పంజరంలో పెట్టి పెంచడం, జోస్యం చెప్పించడం చట్టవిరుద్ధమే. ఇంట్లో పుట్టిన చిలకైతే ఫరవాలేదనే వాదన చెల్లదు.

“గుడ్లగూబ వాలిన ఇల్లు పాడవుతుంది”

2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో దొరికిన తెల్ల గుడ్లగూబ పిల్లల వీడియో ‘గ్రహాంతర జీవులు’ అంటూ ప్రపంచమంతా తిరిగింది. వెలుతురుకు బెదిరి గోడకు చేరబడి నిలబడిన, ఈకలు సరిగా రాని పసిపిల్లలవి. మనకు అంత దగ్గరగా బతికే పక్షి మనకు అంత తెలియకుండా ఉందన్నమాట.

పాడుబడ్డ ఇల్లూ, పాత గుడి గోపురమూ ప్రశాంతంగా ఉంటాయి కాబట్టి అక్కడ చేరుతుంది. అది చేరినందుకు ఇల్లు పాడుబడదు. దాని చెవులు ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద ఉంటాయి. శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉన్న ఆ కాస్త తేడాతో కటిక చీకట్లో కూడా ఎలుక ఎక్కడుందో పసిగడుతుంది. ఎలుకను అమాంతం మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండలుగా కక్కేస్తుంది. అది వాలే చోటు కింద ఆ నల్లటి ఉండ దొరికితే నీళ్లలో నానబెట్టి విప్పండి. ఎలుక పుర్రెలు దవడలతో సహా బయటపడతాయి. వరిచేలో కర్రలతో పక్షిస్థావరాలు పాతమని వ్యవసాయశాఖ చెప్పేది ఇలాంటి పిట్టల కోసం కూడా. దీపావళి ముందర క్షుద్రపూజల కోసం వీటిని పట్టి అమ్మేవాళ్ల సంగతి తెలిస్తే పోలీసులకో అటవీశాఖకో చెప్పాలి. అది మూఢనమ్మకం మాత్రమే కాదు, వేట.

“సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయి”

టవర్ల వల్లే అని గట్టిగా రుజువైంది లేదు. దేశవ్యాప్తంగా పక్షిప్రేమికుల నమోదులతో 2020లో వచ్చిన ‘భారత పక్షుల స్థితి’ నివేదిక ప్రకారం పిచ్చుక మొత్తం మీద నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది, దూలం సందులు పోయాయి. పిల్లలకు పెట్టాల్సిన మెత్తటి పురుగులు మందుల వల్ల కరువయ్యాయి. పిచ్చుక గింజ తింటుంది గానీ పసిపిల్లకు కావాల్సింది పురుగు. వసారాలో వరికంకుల కుచ్చు కట్టడం మంచి అలవాటు, దానితో పాటు పెరట్లో కొంత చోటు మందు కొట్టకుండా వదలాలి.

“మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లను వదిలేస్తుంది”

వదలదు. మనిషి చెయ్యి తగిలిందని పిల్లను కాదనే పిట్ట లేదు. ఈకలు రాని పిల్ల కిందపడి ఉంటే మెల్లగా తీసి గూట్లో పెట్టండి. గూడు అందకపోతే చిన్న బుట్టలో గడ్డి పరిచి, అదే చెట్టుకు నీడలో కట్టండి. నోట్లో నీళ్లు పొయ్యకండి, పొరపోతుంది. ఈకలు వచ్చి నేలమీద గెంతుతున్న పిల్లయితే ఎగరడం నేర్చుకుంటోందని అర్థం. దాన్ని ఇంటికి తేకుండా, పిల్లీ కుక్కా రాకుండా కాసేపు చూస్తే చాలు. తల్లి పైకొమ్మ మీదే ఉంటుంది.