కలసి చదువుట

పుస్తకమును ఒంటరిగా చదువుట నేడు మనకు అలవాటు. పరీక్షకు చదువువాడు ఒక మూలను కూర్చుండును. నవల చేతబట్టినవాడు అన్నము వేళకుగూడ లేవడు. కాని మన పల్లెలలో చదువు చిరకాలము పదిమంది నడుమనే సాగెను. సాయంకాలము రామాలయములో భారతమో భాగవతమో విప్పి ఒకరు పద్యము చదువగా, వేరొకరు అర్థము చెప్పెడివారు. అక్షరము రానివారును అందు శ్రోతలే. అడ్డుప్రశ్న వేయువారును వారే. "నిండుసభలో భీష్ముడు ఏల ఊరకుండెను?" అని యొక రైతు అడిగినచో, ఆ రాత్రికి కథ ముందుకు సాగెడిది కాదు.

ఇట్టి చదువునకు గ్రంథాలయోద్యమము క్రొత్త నెలవులు చూపెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు బెజవాడలో సభ చేసిరి. అందుకు పూనుకొన్నవారిలో అయ్యంకి వెంకటరమణయ్యగారు ముఖ్యులు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము ఏర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువలపై పోవు పడవలలో పుస్తకములుంచి ప్రయాణికులచే చదివించిరి. ఇంతకన్న చక్కని గ్రంథాలయమును నేనెరుగను.

అయినను పుస్తకము దొరకుట వేరు, దానినిగూర్చి పదిమంది మాటలాడుకొనుట వేరు. మా వీధిలో ఏడెనిమిదిమందిమి ప్రతి ఆదివారము సాయంకాలము మా యింటి అరుగుపై కూడుచుందుము. అందరికిని ప్రతులుండవు గనుక ఒకరు ఇరువది పుటలు బిగ్గరగా చదువుదురు, తరువాత చర్చ. ముందు పిన్నలు, చివర పెద్దలు మాటలాడవలెనని మా నియమము. పెద్దలు ముందు పలికినచో పిన్నలు తలయూపి ఊరకుందురు. ముప్పదియేండ్లు బడిలో పాఠము చెప్పిన నాకు చివరిదాక నోరు మూసికొనియుండుట ఎంత కష్టమో మీరే ఊహింపుడు!

గడచిన వేసవిలో ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చదివితిమి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఉద్యోగియైన ఆయన 1830 మే నెలలో సపరివారముగా బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. త్రోవలోని నదులు, ఊళ్లు, తిండి, ధరలు మొదలగువానిని దినచర్యగా వ్రాసి తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపెను. అది 1838లో అచ్చయ్యెను. మేము చదువుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పటముపై పెన్సిలుతో త్రోవ గీచుచుండెడిది. కిరాణాకొట్టు యజమాని ధరలు వచ్చినప్పుడెల్ల "ఆ మాట మరల చదువుడు" అనెడివాడు.

ఒకనాడు ఆ బాలిక, "తాతగారూ! ఆయన మేనాలో కూర్చుండి పోయెను. మోసినవారు నడచిపోయిరి. మరి కాశీయాత్ర చేసినవారెవరు?" అని యడిగెను.

ఆ గ్రంథమును నేను అంతకుముందే రెండుమారులు చదివితిని. ఈ ప్రశ్న నాకు ఒక్కమారైనను తోచలేదు.

అరుగు చివర కూర్చుండు వృద్ధుడు, ఒకప్పుడు రిక్షా తొక్కినవాడు, నాలుగు వారములుగా పలుకనివాడు, అప్పుడు నోరు విప్పెను. అతని తాత పెండ్లిపల్లకీలు మోసెనట. వెనుకనున్న బోయీకి పల్లకీ అడ్డమై త్రోవ కనబడదట. రాయి వచ్చినను గుంట వచ్చినను ముందువాడు పాటలోనే హెచ్చరించునట. ఆగకుండ భుజము మార్చుకొనుట ఎట్లో అతడు లేచి నిలిచి చూపెను. పిల్లలు రెప్పవేయక చూచిరి.

మాలో నొక విశ్రాంత గుమాస్తాగారు దీనికి ఒప్పలేదు. "రెండువందల యేండ్లనాటి మనుష్యుని నేటి త్రాసులో తూచరాదు. ఆయన వ్రాయకున్నచో ఆ త్రోవయే మనకు తెలియదు" అనిరి. అది విలువగల వాదమే. కాని ఆయన అంతటితో ఆగక, "పుస్తకమునుగూర్చి చెప్పుటకు ముందు అక్షరములు రావలెను" అని నవ్విరి. వృద్ధుడు కండువా దులుపుకొని లేచిపోయెను. సభలో ఊరకున్నవారినిగూర్చి పిల్లలకు ఎన్నియో పాఠములు చెప్పిన నేను, ఆనాడు నియమము చాటున ఊరకుంటిని.

మరుసటి ఆదివారము అతడు రాలేదు. చదువు సాగలేదు. బాలిక పటము మడచిపెట్టెను. కొంతసేపటికి గుమాస్తాగారే లేచి, "పదండి మాస్టారూ, పోయివత్తము" అనిరి. ఆ యింటిముందు ఆయన ఏమి చెప్పవలెనో తోచక చాలసేపు నిలిచిరి. చివరకు, "భుజము మార్చుకొనుట నాకు సరిగా తెలియలేదు. మరల చూపవలెను" అనిరి. వృద్ధుడు మావైపు చూచి, కండువా భుజముపై వేసికొనెను.

అరుగు చేరినపిమ్మట నేను గుర్తు పెట్టిన పుట తీయబోతిని. "అక్కడ కాదయ్యా, మేనా బయలుదేరిన చోటినుండి చదువుడు. ఈసారి మోసినవారిని జూతము" అని వృద్ధుడనెను. గుమాస్తాగారు నా చేతినుండి పుస్తకము తీసికొని మొదటి పుట తిప్పిరి.